మామూలు ఎఫ్‌ఎం వాకీటాకీల మీద డేటా పంపడం: సీరియల్ పిన్‌ను మైక్‌కు కలిపితే ఎందుకు పనిచేయదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ దగ్గర రెండు మామూలు ఎఫ్‌ఎం వాకీటాకీలు, హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు ఉన్నాయి. మూడు కిలోమీటర్ల అవతల ఉన్న ట్యాంకులో నీటి మట్టం ఎంతుందో ఇక్కడ కూర్చుని తెలుసుకోవాలి. అక్కడి మైక్రోకంట్రోలర్ సీరియల్ పిన్‌ను వాకీటాకీ మైక్ జాక్‌కు కలిపారు, ఇక్కడి స్పీకర్ జాక్‌ను ఇంకో మైక్రోకంట్రోలర్ సీరియల్ ఇన్‌పుట్‌కు కలిపారు. మాట శుభ్రంగా వినిపిస్తోంది, డేటా మాత్రం చెత్తగా వస్తోంది. "అనలాగ్ రేడియో మీద డిజిటల్ డేటా వెళ్లదా, డిజిటల్ రేడియోలు కొనాలా?" అని అడిగారు.

కొనక్కర్లేదు. మీ దగ్గరున్న సెట్ల మీదే వెళ్తుంది. బిట్లను తిన్నగా పంపకుండా, రెండు టోన్లుగా మార్చి మైక్‌లోకి ఇవ్వండి. 1కి 1200 హెర్ట్జ్, 0కి 2200 హెర్ట్జ్, వేగం సెకనుకు 1200 బిట్లు. ఇవి బెల్ 202 అనే పాత టెలిఫోన్ మోడెమ్ టోన్లు. హ్యామ్‌లు డేటాను చిన్న ముక్కలుగా పంపే ప్యాకెట్ రేడియో, దానిపైనే స్థానం లాంటి సమాచారం పంచుకునే ఏపీఆర్‌ఎస్ ఇప్పటికీ వీటి మీదే నడుస్తున్నాయి. ఈ పద్ధతిని ఏఎఫ్‌ఎస్‌కే అంటారు. వాకీటాకీ లోపల ఏమీ విప్పనక్కర్లేదు, దానికి ఇదీ ఒక రకం మాటే.

ముందు ఒక అపోహ తీసేయాలి. యాంటెన్నా నుంచి బయటికి వెళ్లేది ఏ రేడియోలోనైనా అనలాగ్ తరంగమే. వైఫై అయినా, మొబైల్ ఫోన్ అయినా గాలిలో ఉండేది నిరంతరంగా మారే తరంగమే తప్ప 1లూ 0లూ కాదు. "ఇది 1, ఇది 0" అనే తీర్పు జరిగేది రిసీవర్లో. కాబట్టి మన పని రెండే: మధ్యలో ఉన్న దారి పాడుచేయకుండా మోసుకెళ్లగల తరంగాన్ని ఎంచుకోవడం, అవతలివైపు ఆ తీర్పును తేలిక చేయడం. మీ ప్రయోగంలో తేడా వచ్చింది మొదటి దగ్గరే.

వాకీటాకీ ఆడియో దారి సుమారు 300 నుంచి 3000 హెర్ట్జ్ వరకే తెరిచి ఉంటుంది. మాటకు అంతకన్నా అక్కర్లేదు. మైక్ దగ్గరా స్పీకర్ దగ్గరా కెపాసిటర్లు ఉంటాయి, వాటి గుండా స్థిరమైన వోల్టేజీ వెళ్లదు. మీ సీరియల్ పిన్ చేసేది సరిగ్గా అదే: బిట్ ఉన్నంతసేపూ ఒకే వోల్టేజీ మీద నిలబడుతుంది. 1200 వేగంలో ఒక బిట్ నిడివి 833 మైక్రోసెకన్లు. 300 హెర్ట్జ్ దగ్గర కోసే ఫిల్టర్ ఒక్కటే ఉందనుకున్నా, ఆ వ్యవధిలో వోల్టేజీ అయిదో వంతుకు జారిపోతుంది. సున్నా విలువున్న బైటు పంపితే, దాని ముందు వచ్చే స్టార్ట్ బిట్‌తో కలిపి తొమ్మిది బిట్లు వరసగా కిందే ఉంటాయి. అవతలివైపు కనిపించేది మొదట్లో ఒక ముల్లు, తర్వాత శూన్యం, ఆ శూన్యంలో నాయిస్. పోనీ వేగం 9600కు పెంచితే? 1, 0 మారిమారి వచ్చినప్పుడు అది 4800 హెర్ట్జ్ తరంగం. అది పైఅంచు దగ్గర ఆగిపోతుంది.

ఇక్కడ నేను కొన్ని వారాలు పోగొట్టుకున్న చోటు ఒకటి చెబుతాను. ప్యాకెట్ రేడియో నేర్చుకునే రోజుల్లో నేనూ మీలాగే తిన్నగా కలిపి, పరీక్ష కోసం ఇంగ్లీషు పెద్ద 'యు' అక్షరాన్ని పదే పదే పంపాను. చక్కగా వచ్చింది. దారి బాగుందని తేల్చుకుని, తప్పంతా నా ప్రోగ్రాంలో ఉందని వెతుక్కుంటూ కూర్చున్నాను. ఆ అక్షరం బిట్లు 01010101. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపితే ఎక్కడా తెగని 600 హెర్ట్జ్ చదరపు తరంగం అవుతుంది, వాకీటాకీకి ఇష్టమైన పౌనఃపున్యం. అంటే నేను పరీక్షించింది డేటాను కాదు, ఒక టోన్‌ను. అప్పటి నుంచి ఏ లింకునైనా అన్నీ సున్నాలు, అన్నీ ఒకట్లు, యాదృచ్ఛిక బైట్లు, ఈ మూడింటితోనూ పరీక్షిస్తాను.

ఇప్పుడు టోన్లు పుట్టించడం. దీనికి ప్రత్యేకమైన మోడెమ్ చిప్ వెతకొద్దు, మీ మైక్రోకంట్రోలర్ చాలు. ఒక సైన్ పట్టిక పెట్టుకుని, సెకనుకు 9600 సార్లు ఒక 16 బిట్ల ఫేజ్ కౌంటర్‌ను ముందుకు జరపండి. 1200 హెర్ట్జ్‌కు ప్రతిసారీ 8192, 2200 హెర్ట్జ్‌కు 15019 చొప్పున. కౌంటర్ పై బిట్లతో పట్టికలోంచి విలువ తీసి పీడబ్ల్యూఎం (పల్సుల వెడల్పు మార్చి వోల్టేజీ పుట్టించే పద్ధతి) ద్వారా బయటికి ఇచ్చి, ఒక రెసిస్టర్, కెపాసిటర్‌తో నునుపు చేయండి. బిట్ మారినప్పుడు అడుగు సైజు మాత్రమే మార్చండి, కౌంటర్‌ను సున్నా చేయొద్దు. సున్నా చేస్తే ప్రతి బిట్ అంచులో తరంగం ఠక్కున విరుగుతుంది. ఆ విరుపు ఆడియో బ్యాండు నిండా చిందుతుంది, అవతల ఫిల్టర్లలో అది పక్క బిట్ మీదికి పాకుతుంది.

రిసీవర్ వైపు నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది, చిన్న మైక్రోకంట్రోలర్లో కూడా పడుతుంది. ఆడియోను సెకనుకు 9600 శాంపిళ్లుగా తీసుకుని, ప్రతి శాంపిల్‌ను నాలుగు శాంపిళ్ల కిందటి దానితో గుణించండి. నాలుగు శాంపిళ్లంటే 417 మైక్రోసెకన్లు. 1200 హెర్ట్జ్‌కు అది సరిగ్గా సగం చక్రం కనుక రెండు శాంపిళ్లూ ఎదురెదురు గుర్తులతో ఉంటాయి, లబ్ధం రుణాత్మకం. 2200 హెర్ట్జ్‌కు ఒక చక్రం 455 మైక్రోసెకన్లు, అంటే ఆలస్యం దాదాపు పూర్తి చక్రం. లబ్ధం ధనాత్మకం. ఆ లబ్ధాన్ని ఒక లోపాస్ ఫిల్టర్ (వేగంగా మారే భాగాన్ని తీసేసేది) గుండా పంపి గుర్తు చూస్తే చాలు, మైనస్ అయితే 1, ప్లస్ అయితే 0. ఇంకాస్త లెక్క చేయగల ప్రాసెసర్ ఉంటే రెండు టోన్లకూ విడివిడిగా కోరిలేటర్లు (సిగ్నల్ ఆ టోన్‌తో ఎంత సరిపోలుతోందో కొలిచేవి) పెట్టి ఏది బలంగా ఉందో పోల్చొచ్చు, బలహీనమైన సిగ్నల్లో అది మెరుగు. కంప్యూటర్ ఉన్న చోటైతే సౌండ్ కార్డుతో డైర్‌వోల్ఫ్ అనే ప్యాకెట్ మోడెమ్ ప్రోగ్రాం నడపండి. సొంత డీకోడర్ రాస్తున్నప్పుడు కూడా పక్కన దాన్ని నడిపితే తప్పు పంపేవైపు ఉందో, అందుకునేవైపు ఉందో నిమిషంలో తేలిపోతుంది.

బిట్లు దొరికాక బైట్లు ఎక్కడ మొదలవుతాయో తెలియాలి. మామూలు సీరియల్ స్టార్ట్, స్టాప్ బిట్ల మీద ఆధారపడొద్దు. ఒక నాయిస్ ముక్కను స్టార్ట్ బిట్ అనుకుంటే తర్వాతి బైట్లన్నీ పక్కకు జరిగిపోతాయి. హెచ్‌డీఎల్‌సీ పద్ధతిలో ఫ్రేము (ఒక ప్యాకెట్ బిట్ల కట్ట) కట్టండి, ప్యాకెట్ రేడియో నియమావళి అయిన ఏఎక్స్.25 చేసేది అదే. 01111110 అనే ఫ్లాగ్‌తో మొదలై దానితోనే ముగుస్తుంది. ఫ్లాగ్ డేటాలో పొరపాటున రాకుండా, వరసగా అయిదు ఒకట్లు రాగానే పంపేవాడు ఒక సున్నా దూరుస్తాడు, అందుకునేవాడు తీసేస్తాడు. దీనిపైన ఎన్‌ఆర్‌జెడ్‌ఐ: సున్నా వస్తే టోన్ మారుతుంది, ఒకటి వస్తే మారదు. ఈ రెండూ కలిస్తే టోన్ ఎక్కువసేపు ఒకేచోట నిలవదు, రిసీవర్ గడియారం ఆ మార్పులను పట్టుకుని సర్దుకుంటూ ఉంటుంది. ఇంకో లాభం, ఏ టోన్ 1, ఏ టోన్ 0 అనే గొడవే ఉండదు. మార్పు ఉందా లేదా అన్నదే ముఖ్యం. నేను పైన 1కి ఇది, 0కి అది అన్నది బెల్ 202 అసలు లెక్క, ఎన్‌ఆర్‌జెడ్‌ఐ పెట్టాక ఆ జత గుర్తుంచుకోనక్కర్లేదు.

చివర్లో 16 బిట్ల సీఆర్‌సీ, అంటే తప్పులు పట్టుకునే లెక్క, తప్పకుండా ఉండాలి. అయినా దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. పనికిరాని ఫ్రేము సీఆర్‌సీ దాటిపోయే అవకాశం 65,536లో ఒకటి. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు నాయిస్‌ను మూసేసే ఏర్పాటు) తెరిచి ఉంచితే రిసీవర్ రోజంతా నాయిస్‌లో ఫ్రేములు వెతుకుతూనే ఉంటుంది, ఏదో ఒక రోజు ఒకటి దాటుతుంది. ఫ్రేము పొడవు, కాల్‌సైన్ (మీ స్టేషన్ గుర్తింపు పేరు) సరిపోయాయా, నీటి మట్టం సాధ్యమైన హద్దుల్లో ఉందా అని కూడా చూడండి. ఆ అంకెను చూసి మోటారు ఆన్ చేసే ఆలోచన ఉంటే వరసగా రెండు ప్యాకెట్లు ఏకీభవించే దాకా ఆగండి.

ఇంతవరకు చెప్పింది పుస్తకాల్లో దొరుకుతుంది. నా అనుభవంలో లింకులు ఎక్కువగా పడిపోయేది మాడ్యులేషన్ దగ్గర కాదు, తర్వాత చెప్పే మూడింటి దగ్గర.

మొదటిది ఆడియో లెవెల్. మైక్ జాక్ ఎదురుచూసేది మిల్లీవోల్టులు. మీ పిన్ ఇచ్చేది 3.3 లేదా 5 వోల్టులు. మధ్యలో రెసిస్టర్లతో సుమారు నూరో వంతుకు తగ్గించి, చివర్లో ఒక ట్రిమ్‌పాట్ (తిప్పి సర్దుకునే రెసిస్టర్) పెట్టండి. లెవెల్ ఎక్కువైతే ట్రాన్స్‌మిటర్లోని లిమిటర్ టోన్ల తలలు కోసేస్తుంది, చెవికి బిగ్గరగా బాగానే ఉన్నట్టుంటుంది కానీ డీకోడర్‌కు అర్థం కాదు. దూరం పెరిగి ప్యాకెట్లు పోతుంటే అందరం చేసే మొదటి పని వాల్యూం పెంచడం. అది తప్పు. ఎఫ్‌ఎంలో ఆడియో పెంచితే పెరిగేది రేడియో పవర్ కాదు, డీవియేషన్, అంటే రేడియో తరంగపు పౌనఃపున్యం అటూ ఇటూ జరిగే దూరం. పరికరాలు లేకుండా సరిచేసుకునే మార్గం: టోన్ పంపుతూ రెండో సెట్‌లో వినండి, ట్రిమ్‌పాట్ పెంచుతూ పోతే ఒకచోట ధ్వని ఇక పెరగడం ఆగుతుంది. అది లిమిటర్ తగిలిన చోటు. అక్కడి నుంచి ధ్వని సుమారు సగానికి వచ్చేదాకా తగ్గించి వదిలేయండి. డీవియేషన్ 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటే, కార్సన్ సూత్రం ప్రకారం ఆక్రమించే వెడల్పు 3కు 2.2 కలిపి రెండింతలు, అంటే 10.4 కిలోహెర్ట్జ్. 25 కిలోహెర్ట్జ్ ఛానెల్లో హాయిగా సరిపోతుంది. సెట్ 12.5 కిలోహెర్ట్జ్ నారో మోడ్‌లో ఉంటే డీవియేషన్ ఇంకా తక్కువ ఉండాలి. రెండు సెట్లూ ఒకే మోడ్‌లో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

రెండోది రెండు టోన్ల ఎత్తులో తేడా. ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ ఎక్కువ పౌనఃపున్యాలను కాస్త పెంచి పంపుతుంది, రిసీవర్ అంతే తగ్గిస్తుంది. ప్రీఎంఫసిస్, డీఎంఫసిస్ అంటే ఇవే. పెంపు ఆక్టేవ్‌కు 6 డెసిబెల్స్ చొప్పున ఉంటుంది కనుక 1200కూ 2200కూ మధ్య తేడా 5 డెసిబెల్స్ పైచిలుకు. మైక్ జాక్‌లో ఇచ్చి స్పీకర్ జాక్‌లో తీసుకుంటే ఈ రెండూ కొట్టుకుపోతాయి. ఎవరో చెప్పారని ఒకవైపు మాత్రం నేరుగా డిస్క్రిమినేటర్ (రిసీవర్లో డీఎంఫసిస్‌కు ముందుండే భాగం) నుంచి ఆడియో తీసుకుంటే లెక్క తప్పుతుంది. ఒకసారి నా దగ్గర ఒక లింకు ఒకవైపు నిక్షేపంగా నడిచి, తిరుగు దిశలో పదికి ఏడు ప్యాకెట్లు పోగొట్టేది. యాంటెన్నాలు, కేబుళ్లు, ఆఖరికి సెట్లు కూడా అటూ ఇటూ మార్చాను. రెండువైపులా ఆడియో రికార్డు చేసి చూస్తే, ఒక సెట్‌లో చిన్న టోన్ పెద్ద టోన్‌కు దాదాపు సగం ఎత్తులో ఉంది. ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్‌తో సరిపోయింది. ఆ రికార్డింగు మొదటి రోజే చేసి ఉంటే మిగతా శ్రమంతా తప్పేది.

మూడోది ఆలస్యాలు. పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కగానే ట్రాన్స్‌మిటర్ పూర్తి పవర్‌తో లేవదు. అవతల స్క్వెల్చ్ తెరుచుకోవడానికి సమయం పడుతుంది, సబ్‌టోన్ (చెవికి వినపడని గుర్తింపు టోన్) పెట్టి ఉంటే ఇంకాస్త. అందుకే అసలు ఫ్రేముకు ముందు సుమారు 300 మిల్లీసెకన్లు ఫ్లాగులు పంపుతూ ఉండండి. సబ్‌టోన్ తీసేయండి, వీలైతే రిసీవర్ స్క్వెల్చ్ పూర్తిగా తెరిచేయండి, నాయిస్‌ను డీకోడర్ చూసుకుంటుంది. అన్నిటికన్నా మోసపుచ్చేది బ్యాటరీ సేవ్. వాకీటాకీ ఖాళీగా ఉన్నప్పుడు రిసీవర్‌ను నిద్రపుచ్చి, మధ్యమధ్యలో లేపి చూస్తుంది. మనిషి మాటలో మొదటి అక్షరం పోతే ఎవరూ గమనించరు, ప్యాకెట్‌లో మొదటి ముక్క పోతే మొత్తం ప్యాకెట్ పోయినట్టే. నేను ఒక వాతావరణ పరికరానికి లింకు పెట్టినప్పుడు ప్రతి పది నిమిషాలకు రెండు ప్యాకెట్లు వెళ్లేవి. మొదటిది ఎప్పుడూ పోయేది, వెంటనే వచ్చే రెండోది ఎప్పుడూ అందేది. అంత క్రమంగా పోతోందంటే అది నాయిస్ కాదని అర్థమై, మెనూలో బ్యాటరీ సేవ్ ఆపేశాను. ఆ రోజు నుంచి రెండూ అందాయి.

వాక్స్ వాడొద్దు. అది గొంతు విని పీటీటీ నొక్కే ఏర్పాటు, ఎంత ఆలస్యంగా నొక్కుతుందో మన చేతిలో ఉండదు. ఒక ట్రాన్సిస్టర్ లేదా ఆప్టోకప్లర్‌తో పీటీటీని మీరే నడపండి. ఆ పిన్‌కు పుల్‌డౌన్ రెసిస్టర్ తప్పనిసరి, ఎందుకంటే మైక్రోకంట్రోలర్ రీసెట్ అయ్యే క్షణాల్లో పిన్ గాలిలో తేలుతుంది. ప్రోగ్రాం ఎక్కడైనా ఇరుక్కుంటే ట్రాన్స్‌మిటర్ ఆన్‌లోనే ఉండిపోయి ఛానెల్ అంతా మూసేస్తుంది, సెట్ కూడా కాలిపోవచ్చు. వాచ్‌డాగ్ (ప్రోగ్రాం ఇరుక్కుంటే రీసెట్ చేసే టైమర్) పెట్టండి, సెట్‌లో టైమవుట్ ఉంటే అదీ ఆన్ చేయండి. మనుషులు లేని చోట నడిచే ట్రాన్స్‌మిటర్ విషయంలో దీన్ని నేను డేటా కన్నా ముఖ్యంగా చూస్తాను. అలాగే హ్యామ్ బ్యాండులో ప్రతి ప్యాకెట్‌లో మీ కాల్‌సైన్ ఉండాలి, సమాచారాన్ని రహస్యలిపిలో దాచకూడదు. మనిషి దగ్గర లేకుండా నడిపే స్టేషన్‌కు మీ లైసెన్సులో ఏ షరతులున్నాయో ఒకసారి చదవండి.

వేగం గురించి కూడా అడిగారు, 1200 మరీ తక్కువ కదా అని. మీ పనికి లెక్క వేద్దాం. నీటి మట్టం, బ్యాటరీ వోల్టేజీ, సమయం కలిపి 20 బైట్లు అనుకోండి. ఏఎక్స్.25 తలకట్టు 16 బైట్లు, సీఆర్‌సీ 2. మొత్తం 38 బైట్లు, అంటే 304 బిట్లు, గాలిలో పావు సెకను. దాని ముందు మనం పెట్టిన 300 మిల్లీసెకన్ల ఫ్లాగులే అంతకన్నా ఎక్కువ! వేగం ఎనిమిది రెట్లు పెంచినా మొత్తం సమయం సగానికి కూడా తగ్గదు. అదే 100 కిలోబైట్ల ఫోటో పంపాలంటే 1200 వేగంలో పదకొండు నిమిషాలు పైనే, అప్పుడు కథ వేరు.

అలాంటప్పుడు 9600 ఉంది. అందులో టోన్లు ఉండవు, బిట్లను నునుపు చేసి నేరుగా క్యారియర్ పౌనఃపున్యాన్నే అటూ ఇటూ జరుపుతారు. జేమ్స్ మిల్లర్ అనే హ్యామ్ రూపొందించిన జీ3ఆర్‌యూహెచ్ మోడెమ్ దీనికి ప్రమాణంగా స్థిరపడింది. అందులో స్క్రాంబ్లర్ ఉంటుంది, ఒకే బిట్ చాలాసేపు రాకుండా డేటాను కలగాపులగం చేస్తుంది. మైక్, స్పీకర్ జాక్‌లతో అది సాధ్యం కాదు, ఫిల్టర్లను దాటేసి లోపలికి వెళ్లాలి లేదా వెనక 9600 డేటా సాకెట్ ఉన్న సెట్ కావాలి. సిగ్నల్ కూడా బలంగా ఉండాలి. మీకు నేను సిఫారసు చేయను.

3 కిలోహెర్ట్జ్ ఆడియో దారిలో సిద్ధాంతపరంగా ఇంకా చాలా పడుతుంది. సిగ్నల్ నాయిస్ కన్నా వెయ్యి రెట్లు ఉంటే షానన్ సూత్రం సెకనుకు దాదాపు 30,000 బిట్లు ఇస్తుంది. టెలిఫోన్ మోడెములు దాని దగ్గరదాకా వెళ్లాయి. కానీ టెలిఫోన్ తీగ కదలదు, దాని లక్షణాలను మోడెమ్ కొలిచి సర్దుకుంటుంది. వాకీటాకీ చేతిలో ఊగుతుంది, ఫిల్టర్ల అంచుల్లో ఫేజ్ వంకరపోతుంది, ఎఫ్‌ఎం సిగ్నల్ ఒక స్థాయి కిందికి రాగానే నాయిస్ ఒక్కసారిగా పొంగుతుంది. రెండు టోన్ల పద్ధతి వేగంలో వెనకబడినా ఈ కష్టాలన్నీ ఓర్చుకుంటుంది.

ఇంకా ఒక మాట, ఎందుకంటే ఎఫ్‌ఎం కాకుండా ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) వాడొచ్చా అని చివర్లో రాశారు. వాడొచ్చు, చాలా దూరాలకు అదే మేలు. తేడా ఎక్కడంటే, ఎఫ్‌ఎంలో రిసీవర్ ట్యూనింగ్ కొంచెం తప్పినా 1200 హెర్ట్జ్ 1200గానే వినిపిస్తుంది. ఎస్‌ఎస్‌బీలో 50 హెర్ట్జ్ తప్పితే టోన్లూ 50 హెర్ట్జ్ జరుగుతాయి. అందుకే అక్కడ వాడే పద్ధతులు నెమ్మదిగా, ఇరుకుగా, సిగ్నల్‌ను వెతికి పట్టుకునేలా ఉంటాయి. ఆర్‌టీటీవై (రేడియో టెలిటైప్)లో టోన్ల మధ్య దూరం 170 హెర్ట్జే, వేగం 45.45 బాడ్. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే పద్ధతి ఎనిమిది టోన్లను 6.25 హెర్ట్జ్ ఎడంలో పేర్చి మొత్తం 50 హెర్ట్జ్‌లో ఇమిడిపోతుంది, చెవికి వినపడని సిగ్నల్‌ను కూడా చదువుతుంది. కాకపోతే ఒక చిన్న సందేశానికి 15 సెకన్ల గడి కేటాయిస్తుంది. మూడు కిలోమీటర్లకు ఇవేవీ అక్కర్లేదు.

డిజిటల్ వాకీటాకీలు కొని వాటి వాయిస్ ఛానెల్లో ఈ టోన్లు పంపుదామని మాత్రం అనుకోకండి. వాటిలోని వోకోడర్ శబ్దాన్ని మనిషి గొంతుగా ఊహించి కుదిస్తుంది, మోడెమ్ టోన్లు అవతల గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. మీ అనలాగ్ సెట్లోనైనా నాయిస్ తగ్గింపు, కంపాండర్ లాంటివి మెనూలో ఉంటే ఆపేయండి.

ఇప్పుడు చేయాల్సిన వరస. మొదట రేడియోలు పక్కన పెట్టి, రెండు మైక్రోకంట్రోలర్లను ఆడియో తీగతో కలిపి నూటికి నూరు ప్యాకెట్లు అందేదాకా పని చేయండి. తర్వాత రేడియోలు పెట్టండి, కనిష్ఠ పవర్‌లో, వేరువేరు గదుల్లో. పక్కపక్కన పెడితే రిసీవర్ ఉక్కిరిబిక్కిరై లేని సమస్యలు కనిపిస్తాయి, ట్రాన్స్‌మిటర్ రేడియో శక్తి మీ తీగల్లోకి దూరి మైక్రోకంట్రోలర్‌ను రీసెట్ కూడా చేయగలదు. అలా జరిగితే తీగలకు ఫెర్రైట్లు తొడిగి, ఆడియోకు చిన్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ఆ తర్వాతే ట్యాంకు దగ్గరికి వెళ్లండి.

అక్కడ ప్యాకెట్లు పోతే స్పీకర్ జాక్ ఆడియోను ఒక నిమిషం కుదించకుండా వేవ్ ఫైలుగా రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. డీకోడ్ అయిన ప్యాకెట్ ఒకటి, కానిది ఒకటి అందులో ఉండేలా చూడండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే లెవెలా, టోన్ల తేడానా, ఆలస్యమా అన్నది తరంగంలోనే తెలిసిపోతుంది.